డిప్రెషన్‌కు ఇంటర్‌పర్సనల్ థెరపీ: సెషన్లను ఎలా వాడుకోవాలి

డిప్రెషన్‌కు కారణాలు ఎన్నున్నా, అది ముదరడంలో, తగ్గడంలో దగ్గరివాళ్లతో మన సంబంధాల పాత్ర పెద్దది. ఇంటర్‌పర్సనల్ థెరపీ పట్టుకునేది ఆ కొసనే. 1970ల్లో అమెరికా పరిశోధకులు జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ రూపొందించిన, థెరపిస్టుతో మాట్లాడుతూ సాగే ఈ చికిత్స సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు.

మొదటి సెషన్‌కు ముందే ఒక కాగితం మీద రాసుకోండి: మీ జీవితంలో ముఖ్యులెవరు, వాళ్ల నుంచి ఏం ఆశిస్తున్నారు, ఏది అందడం లేదు. దిగులు ఏ నెలలో మొదలైందో, అప్పుడు ఏం జరిగిందో పక్కనే రాయండి. దాన్నిబట్టి థెరపిస్టు మీతో కలిసి ఒక సమస్యను ఎంచుకుంటారు: ఆప్తుల మరణం, తెగని గొడవ, జీవితంలో పెద్ద మార్పు, లేదా ఒంటరితనం. మహా అయితే రెండు. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఏదీ తెమలదు.

అసలు పని మధ్య సెషన్లలో జరుగుతుంది. "మా ఆయన పట్టించుకోరు" అంటే చాలదు. ఎవరు ఏమన్నారో మాటకు మాట చెప్పాలి. "అలసిపోయానన్నాను, ఊఁ అని ఫోన్ చూసుకున్నారు." ఇక్కడ సాయం కావాలన్న కోరిక బయటికి రానేలేదు. "ఈ రాత్రి పిల్లల్ని మీరు పడుకోబెడతారా?" అని అడగడం థెరపిస్టుతో సాధన చేసి, ఇంట్లో అడిగి చూడాలి. కోపం మీదున్నప్పుడు మాత్రం వద్దు. మొదటిసారి బెడిసికొట్టినా, ఆ సంభాషణనే వచ్చే వారం మళ్లీ విప్పి చూడండి. అక్కడే మానేయకండి.

మందులు వాడుతుంటే డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తే తర్వాతి సెషన్ దాకా ఆగకండి, వెంటనే అత్యవసర సాయం తీసుకోండి.