డయలప్ కనెక్షన్ తెగకుండా నేను చేసిన మార్పులు

విండోస్ 98 రోజుల్లో వానాకాలం వస్తే చాలు, మా ఇంటి డయలప్, అంటే ఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్, మెయిల్ సగం దిగేసరికి తెగిపోయేది. వేగం మాత్రం సెకనుకు 45,333 బిట్లు అని ఘనంగా చూపించేది. ఆ ఘనతే కొంప ముంచింది. కంప్యూటర్‌ను ఫోను లైనుకు కలిపే 56కె (సెకనుకు 56 వేల బిట్ల) మోడెమ్ వాడే వి.90 అనే పద్ధతికి లైను శుభ్రంగా ఉండాలి. మా ఫోనులోనేమో ఎప్పుడూ గరగరే.

ముందు సమాంతరంగా కలిపిన రెండో ఫోను తీసేసి, గోడ పెట్టె నుంచి మోడెమ్‌కు పొట్టి తీగ వేశాను. కొంత నయం. అసలు మందు కంట్రోల్ ప్యానెల్‌లో దొరికింది: మోడెమ్ ప్రాపర్టీస్, కనెక్షన్, అడ్వాన్స్‌డ్, అందులో ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ గడి. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఎస్38=0ఎస్10=50’ అని రెండు ఆదేశాలు కలిపి కొట్టాను. మొదటిది 56కె ప్రయత్నం మాన్పించి, 33,600 దాటని పాత పద్ధతి వి.34కు దింపుతుంది. ఇది లూసెంట్ కంపెనీ మోడెమ్ చిప్‌కు చెల్లే ఆదేశం, మిగతావాటికి వేరే ఉంటాయి. రెండోది, అవతలి సంకేతం తప్పిపోగానే ఫోను పెట్టేయకుండా 5 సెకన్లు ఆగమంటుంది; లెక్క సెకనులో పదో వంతుల్లో.

మాట్లాడుతుండగా ఇంకో కాల్ వస్తే బీప్‌తో తెలిపే కాల్ వెయిటింగ్ కూడా తీయించాను. ఆ ఒక్క బీప్ చాలు, కనెక్షన్ ఊడిపోవడానికి.

ఆ తరువాత 31,200 దగ్గర కుదురుగా నిలిచేది. 4 ఎంబీ పాటకు దాదాపు 20 నిమిషాలు పట్టేది గానీ, మొత్తం దిగేది.