బండలాగుడు పోటీని మాంగా పేజీలో గీయడం ఎట్లా?

మాంగా (జపాన్ బొమ్మల కథలు) అంటే పెద్ద కళ్లు, కోసుగా లేచిన జుట్టు అనుకుని మొదలుపెడితే చివరికి తయారయ్యేది అమెరికన్ కామిక్సే. బొమ్మ తీరు కంటే పేజీలు ఖర్చుపెట్టే తీరులోనే అసలు తేడా ఉంది. అమెరికాలో నెలనెలా వచ్చే సంచికలో కథకు దక్కేది 20, 22 రంగుల పేజీలు. జపాన్ వారపత్రికల్లో పేరున్న కథకు దాదాపు అన్నే పేజీలు వారానికే వస్తాయి, నలుపు తెలుపుల్లో. అందుకే ఒక్క క్షణాన్ని నాలుగు పేజీలు సాగదీసే వెసులుబాటు మాంగాకు ఉంది.

ప్రకాశం జిల్లా తిరునాళ్లలో ఆరుపళ్ల గిత్తల జత బండ లాగుతోందనుకోండి. అమెరికన్ పద్ధతిలో గిత్తలు, బండ, తోలేవాళ్లు, జనం అంతా ఒకే గడిలో సర్దేయొచ్చు. మాంగాలో అదే దృశ్యాన్ని విడగొట్టాలి: కాడి కింద బిగుసుకున్న మెడ, మట్టిలో దిగబడిన గిట్ట, తోలేవాడి పిడికిలి, నోరు తెరిచిన జనం, ఏమీ లేని ఆకాశం. పేజీ తిప్పగానే నిండు పేజీలో కదిలిన బండ. ఆకాశం గడి దండగ అనిపించి తీసేస్తారు చాలామంది. తీయకండి, బిగువంతా దాంట్లోనే ఉంది.

జపాన్ కొలతల కాగితం కోసం ఒంగోలు, నెల్లూరు షాపులన్నీ తిరగనక్కర్లేదు. ఏ4 మందం షీటు చాలు. మధ్యలో 150 × 220 మి.మీ. చట్రం గీసి, ముఖ్యమైన బొమ్మలు, మాటలు అందులోనే ఉంచండి. అచ్చులో పేజీ 182 × 257 మి.మీ.కి కోస్తారు. అంచుదాకా పోయే బొమ్మను ఆ కోత గీత దాటి ఇంకో 3 మి.మీ. గీయాలి, లేకపోతే అంచున తెల్లటి చార మిగులుతుంది.

పక్కపక్క గళ్ల మధ్య 3 మి.మీ., పై వరసకూ కింది వరసకూ మధ్య 7 మి.మీ. వదలండి. రెండూ సమానమైతే పాఠకుడి కన్ను పక్క గడికి పోకుండా కిందికి జారుతుంది.

జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. తెలుగులో రాసే కథకు ఆ పద్ధతి వద్దు. మాట ఎడమ నుంచి, బొమ్మ కుడి నుంచి చదవాల్సివస్తే తల తిరుగుతుంది. ఉత్కంఠ గడిని పేజీ తిప్పే ముందు, అంటే కుడి పేజీ చివర పెట్టండి. మాటల బుడగలకూ జపాన్ పద్ధతి వద్దు. జపనీస్ నిలువుగా రాస్తారు కాబట్టి వాళ్ల బుడగలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. మనకు అడ్డంగా వెడల్పుండాలి. ముందు మాట రాసి, ఒత్తులు కింది వరసకు తగలకుండా చూసుకుని, ఆ తర్వాతే చుట్టూ బుడగ గీయండి.

బండ మెల్లగా కదిలేది, దాని వెనక వేగం గీతలు వేస్తే బరువు పోతుంది. దానికి బదులు గిత్త మెడ మీద ఒక చుక్క పెట్టి, గడి అంచుల నుంచి ఆ చుక్క వైపు స్కేలుతో గీతలు లాగండి. మొదట గట్టిగా నొక్కి, పోనుపోను పెన్ను తేలిక చేయాలి. మెడకు సెంటీమీటరు దూరంలోనే ఆపేయండి. అన్నీ ఒకే పొడవుంటే మధ్యలో గుండ్రటి కంత పడుతుంది, పొట్టీ పొడుగూ కలపండి.

నీడలకు చుక్కల టోన్ (దూరానికి బూడిద రంగులా కనిపించే చుక్కల వరసలు) కంప్యూటర్లో వేసేటట్టయితే, పేజీని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. గీసినదాని కంటే చిన్నగా అచ్చు వేసేటట్టయితే, ముందు ఆ సైజుకు కుదించి, ఆ తర్వాతే టోన్ వేయండి. టోన్ వేశాక కుదిస్తే చుక్కలు కలిసిపోయి గిత్త ఒంటి నిండా గళ్లగళ్ల మచ్చలు తేలతాయి.