మొటిమల క్రీమ్ రాసే ముందు

ముందు ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. అడాపలీన్ 0.1% లేదా ట్రెటినాయిన్ 0.025% అని ఉంటే సరే. పక్కన మొమెటాసోన్ అని కనిపిస్తే అది స్టెరాయిడ్ కలిసిన మందు. తెల్లబడతారని షాపువాళ్లు చెప్పినా మొటిమలకు దాన్ని రాయొద్దు, దయచేసి.

అడాపలీన్, ట్రెటినాయిన్ క్రీములను గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు వాడకూడదు.

రాత్రిపూటే రాయాలి. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా. మొటిమ మీద మాత్రమే అద్దితే చాలదు. కళ్ల చుట్టూ, పెదవుల మూలలు, ముక్కు పక్క మడతలు వదిలేయండి, ముందు మండేది అక్కడే. మొదట్లో రోజు విడిచి రోజు చాలు. పైన మాయిశ్చరైజర్.

వాడినన్నాళ్లూ ముఖానికి వ్యాక్సింగ్, బ్లీచ్ వద్దు. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి.

తొలి వారాల్లో మొటిమలు పెరిగినట్టు కనిపించి చాలామంది ఆపేస్తారు. 12 వారాలు ఓపిక పట్టండి. ముఖం వాచినా, పొక్కులొచ్చినా మాత్రం ఆపేసి డాక్టరుకు చూపించండి.