“ఖర్చు కింద రాసేయండి” అన్న సలహాను నమ్మే ముందు

మార్చి నెల దగ్గరపడగానే చిన్న వ్యాపారులకు పన్ను తగ్గించుకునే సలహాలు నలువైపుల నుంచీ వచ్చిపడతాయి. వాటిలో మంచివీ ఉంటాయి. అయితే రిటర్ను మీ పేరు మీద దాఖలవుతుంది కనుక, సలహా ఎవరిదైనా నోటీసుకు జవాబు చెప్పుకోవలసింది మీరే.

మొదట ఖర్చు స్వభావాన్ని చూడండి. సొంత అవసరాలకు పెట్టినదీ, మూలధన వ్యయమూ (ఏళ్ల తరబడి పనికొచ్చే ఆస్తికి పెట్టినది) కాకుండా, పూర్తిగా వ్యాపారం కోసమే అయిన ఖర్చును మాత్రమే ఆదాయంలోంచి తీసివేయవచ్చునని 1961 ఆదాయపు పన్ను చట్టం 37(1) సెక్షన్ చెబుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ సూత్రం మారలేదు.

పన్ను తగ్గుతుందని మార్చిలో 10 లక్షల రూపాయల కారు కొనమన్నారనుకోండి. కారు మూలధన ఆస్తి కాబట్టి దాని ధర మొత్తం ఆ ఏడాది ఖర్చుగా చెల్లదు. సాధారణంగా 15 శాతం తరుగుదల (ఆస్తి విలువలో ఏటా ఖర్చుగా చూపనిచ్చే భాగం) మాత్రమే వస్తుంది, కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులోనూ సగమే. అంటే 75,000 రూపాయల తరుగుదల. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి దానివల్ల ఆ ఏడాది తగ్గే పన్ను, సెస్సు కాక, 22,500 రూపాయలు. అదే కారులో పిల్లలను బడికి దింపుతూ ఉంటే, ఆ సొంత వాడకం మేరకు ఇదీ తగ్గుతుంది. వ్యాపారానికి అవసరం లేని కారును పన్ను కోసమే కొనడం నా దృష్టిలో నష్టపు బేరం.

నగదు చెల్లింపుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే, నిబంధనల్లో పేర్కొన్న కొన్ని సందర్భాల్లో తప్ప, ఆ ఖర్చు చెల్లదు. 18,000 రూపాయలను 9,000 చొప్పున రెండు వోచర్లుగా రాయమనే సలహా పనికిరాదు, ఎందుకంటే చట్టం ఆ రోజు మొత్తాన్ని కలిపే లెక్కిస్తుంది. అలాగే అంచనా లాభం పద్ధతిలో, అంటే 1961 చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద, టర్నోవరుపై 8 లేదా 6 శాతాన్ని లాభంగా చూపేవారు, దానిలోంచి మళ్లీ అద్దె, జీతాలు తీసివేయడానికి వీల్లేదు.

సలహా ఇచ్చినవారిని ఏ సెక్షన్ కింద అని అడగండి, ఆ మాటను రాతలో ఇమ్మనండి. “అందరూ ఇలాగే చేస్తున్నారు” అన్నా, రిఫండులో వాటా అడిగినా వేరొక సీఏను (చార్టర్డ్ అకౌంటెంటును) సంప్రదించండి. ఆధారం లేని ఖర్చు చూపడాన్నీ, పుస్తకాల్లో తప్పుడు పద్దు రాయడాన్నీ చట్టం ఆదాయాన్ని వక్రీకరించడంగా పరిగణిస్తుంది. ఎగవేసిన పన్నుకు 200 శాతం జరిమానా, ఆ పన్నూ వడ్డీ కాక, పడుతుంది.

ఇదివరకే అలాంటి ఖర్చు చూపించి ఉంటే, నోటీసు వచ్చేదాకా ఆగకండి. గడువు మిగిలి ఉంటే సవరించిన రిటర్నును, లేకుంటే అదనపు పన్ను చెల్లించి అప్‌డేటెడ్ రిటర్నును దాఖలు చేసే వీలు ఉందేమో సీఏతో వెంటనే మాట్లాడండి.