ఏసీ అవుట్‌డోర్ యూనిట్ బిగింపు: స్థలం ఎంపిక నుంచి గ్యాస్ వదిలే దాకా

స్ప్లిట్ ఏసీ కొన్న ఇంట్లో అందరి చూపూ గదిలో కనబడే యూనిట్ మీదే ఉంటుంది, బయట పెట్టే పెట్టెను మెకానిక్ తనకు వీలైన చోట బిగించి వెళ్లిపోతాడు. నిజానికి కంప్రెసర్, కండెన్సర్, ఫ్యాన్ మోటారు ఉండేది ఆ బయటి పెట్టెలోనే. గదిలోంచి లాగిన వేడిని బయటి గాలిలోకి వదలవలసిన భారం దానిదే కాబట్టి, అది ఎక్కడ ఉంది, ఎలా బిగించారు అన్న దాన్ని బట్టే కరెంటు బిల్లూ ఏసీ మన్నికా ఆధారపడి ఉంటాయి. ఇక్కడ చెప్పేదంతా 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీని (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మారే రకాన్ని) దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది. పైపుల పని, వాక్యూమ్, గ్యాస్ వంటివి శిక్షణ పొందిన మెకానిక్ చేతిలోనే జరగాలి. ఇంటి యజమాని చేయవలసింది ముందుగా స్థలం నిర్ణయించడం, పని జరుగుతున్నంతసేపు దగ్గరుండి ఏ మెట్టూ దాటవేయకుండా చూసుకోవడం.

ఏసీ చల్లబరిచే సామర్థ్యాన్ని ప్రామాణికంగా కొలిచేటప్పుడు బయటి ఉష్ణోగ్రతను 35 డిగ్రీలుగా తీసుకుంటారు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు నమోదైన రోజున అదే ఏసీ పెట్టె మీద రాసినంత చల్లదనం ఇవ్వలేదు. దానికి తోడు యూనిట్‌ను పడమటి గోడకు బిగించి మధ్యాహ్నపు ఎండకు వదిలేస్తే కంప్రెసర్ మీద భారం మరింత పెరుగుతుంది. ఉత్తరపు గోడ అన్నిటికంటే మంచిది, అది కుదరకపోతే తూర్పు గోడ. నీడ కోసం పైన చిన్న రేకు వేయవచ్చు గానీ, నీడ పేరుతో చుట్టూ కప్పేయడం ఎండలో వదిలేయడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే యూనిట్ వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకోవలసి వస్తుంది. వెనుక వైపు గోడకు కనీసం 15 నుంచి 30 సెం.మీ., వాల్వులు ఉండే పక్కన మెకానిక్ చేతులూ పనిముట్లూ ఆడేందుకు 60 సెం.మీ. వదలాలి. ఫ్యాన్ ముందు వైపు మీటరుకు పైగా అడ్డు లేకుండా ఉండాలి. కంపెనీ మాన్యువల్‌లో ఇంతకంటే ఎక్కువ అడిగితే ఆ లెక్కే పాటించాలి.

అపార్ట్‌మెంట్లలో బాత్‌రూముల వెనుక ఉండే ఇరుకు డక్టులో యూనిట్లను ఒకదాని మీద ఒకటిగా బిగించడం హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల మామూలైపోయింది. కింది అంతస్తుల యూనిట్లు వదిలిన వేడి పైకే లేస్తుంది కనుక పై అంతస్తువాళ్ల ఏసీ ఎంతసేపు నడిచినా గది చల్లబడదు, మెకానిక్‌ను పిలిస్తే గ్యాస్ తగ్గిందంటాడు. అలాంటి భవనంలో పైపు రెండు మీటర్లు పెరిగినా సరే, యూనిట్‌ను బాల్కనీకో పిట్టగోడ బయటి వైపుకో మార్చడమే తెలివైన పని. వేడి గాలి పక్కింటివాళ్ల కిటికీలోకి సూటిగా కొట్టకుండా కూడా చూసుకోవాలి, అక్కడ మొదలైన తగవు వేసవి అయ్యేదాకా తెగదు.

తరువాత చూడవలసింది గోడ. అవుట్‌డోర్ యూనిట్ బరువు మోడల్‌ను బట్టి 25 నుంచి 40 కిలోల దాకా ఉంటుంది, దానికి తోడు ఫ్యాన్, కంప్రెసర్ అదురు రోజూ గంటల తరబడి ఆ బోల్టుల మీద పడుతుంది. కాంక్రీటు గోడలోనో గట్టి ఎర్ర ఇటుక గోడలోనో యాంకర్ ఫాస్టెనర్లు బాగా పట్టుకుంటాయి. ఇప్పటి కట్టడాల్లో ఎక్కువగా వాడుతున్న తేలికపాటి ఏఏసీ బ్లాకుల్లో (లోపల గాలి బుడగలుండే సిమెంటు ఇటుకల్లో) మాత్రం మామూలు ఫాస్టెనర్ బిగించిన రోజు గట్టిగానే ఉన్నట్టు అనిపించి, అదురుకు రంధ్రం నలిగి వదులవుతుంది. అలాంటి గోడకు అవతలి వైపు ఇనుప పట్టీ వేసి గోడ గుండా దూర్చిన పొడవాటి బోల్టులు గానీ, రంధ్రంలో జిగురు మందు నింపి అతికించే కెమికల్ యాంకర్లు గానీ వాడమని పట్టుబట్టాలి. సజ్జ మీద పెట్టే వాళ్లు మరో సంగతి గమనించాలి. యూనిట్ బరువు కంటే సర్వీసుకు వచ్చి సజ్జ మీద నిలబడే మనిషి బరువు ఎక్కువ, పాత సజ్జలో పగుళ్లుంటే ఆ చోటు వదులుకోవడమే మేలు. ఎత్తులో పని చేసే మనిషికి ఒంటికంతా పట్టే సేఫ్టీ బెల్టు (ఫుల్ బాడీ హార్నెస్), గట్టి చోట కట్టిన తాడు లేకుండా పని మొదలు పెట్టనివ్వకూడదు.

స్టాండును రసమట్టంతో సరిచూసి బిగించాక, యూనిట్ నాలుగు కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేసి నాలుగింటికీ బోల్టులు బిగించాలి. రెండు బోల్టులతో సరిపెట్టే అలవాటు చాలామందికి ఉంది, తుఫాను గాలులు తెలిసిన కోస్తా వాళ్లు దాన్ని ఒప్పుకోకూడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఉప్పు గాలికి మామూలు బోల్టులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించుకోవడం మంచిది.

1.5 టన్నుల ఏసీకి ద్రవం వెళ్లే సన్న పైపు సాధారణంగా పావు అంగుళం, గ్యాస్ తిరిగి వచ్చే లావు పైపు అర అంగుళం. పైపు గోడ దాటే రంధ్రాన్ని కోర్ కట్టింగ్ యంత్రంతో, స్తంభాలకూ బీములకూ దూరంగా, బయటి వైపుకు కొద్దిగా వాలు ఉండేలా వేయించాలి. రెండు పైపులకూ విడివిడిగా ఇన్సులేషన్ వేయాలి, రెండింటినీ కలిపి ఒకే తొడుగులో చుడితే వేడి ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది. అవుట్‌డోర్ యూనిట్ ఇండోర్ కంటే కింద ఉంటే కంప్రెసర్ నూనె తిరిగి రావడం సులువు. పైన పెట్టక తప్పకపోతే, ఎత్తు తేడాను బట్టి లావు పైపులో నూనె నిలిచే వంపు అవసరమో కాదో మాన్యువల్‌లో చూడాలి.

గ్యాస్ లీకుల్లో చాలా మటుకు పైపు చివరి ఫ్లేర్ (గరాటులా విప్పిన మూతి) దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఆ పని జరిగేటప్పుడు దగ్గరగా చూడాలి. పైపును రంపంతో కాక కట్టర్‌తోనే కోయాలి. లోపలి అంచున మిగిలిన గరుకును రీమర్‌తో తీసేటప్పుడు రాగి పొట్టు లోపల పడకుండా పైపు మూతి నేలవైపు వంచి పట్టుకోవాలి. నట్‌ను ముందే పైపులోకి ఎక్కించి, ఆ తరువాత మూతిని గరాటులా విప్పాలి. విప్పిన అంచు చుట్టూ ఒకే వెడల్పుతో, గీత లేకుండా, అద్దంలా నునుపుగా కనబడితేనే అది పనికొస్తుంది. చిన్న చీలిక కనబడినా కోసి మళ్లీ చేయించాలి. నట్‌ను మొదట చేత్తో కొన్ని చుట్లు తిప్పి, తరువాత రెండు స్పానర్లతో బిగించాలి. టార్క్ రెంచి (బిగువును కొలిచి చూపే పానా) ఉన్న మెకానిక్ దొరికితే అదృష్టమే: పావు అంగుళం నట్‌కు సుమారు 14 నుంచి 18, అర అంగుళం నట్‌కు సుమారు 50 నుంచి 60 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, అంతకు మించితే ఫ్లేర్ చీలుతుంది.

కరెంటు లైను మెయిన్ బోర్డు నుంచి విడిగా, 4 చదరపు మి.మీ. రాగి తీగతో, 20 ఆంపియర్ల ఎంసీబీ (భారం మించితే దానంతట అదే కరెంటు ఆపే స్విచ్) మీదుగా రావడం సాధారణ పద్ధతి. రెండు యూనిట్లనూ కలిపే తీగలో మధ్యలో అతుకు ఉండకూడదు, టెర్మినల్ నంబర్లు రెండు వైపులా ఒకటే కావాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో మీటరుతో చూపించమనాలి.

ఇక వాక్యూమ్. కొత్త పైపుల్లో ఉండే గాలిని, తేమను పంపుతో బయటికి లాగేయడమే ఈ పని. వేసవి రద్దీలో ముందుగా ఎగిరిపోయే మెట్టు కూడా ఇదే. పంపు తీసుకురాని మెకానిక్ యూనిట్‌లోని గ్యాస్ కొంచెం వదిలి గాలిని తోసేస్తానంటాడు, దానికి ససేమిరా ఒప్పుకోకూడదు. అలా చేస్తే కొలిచి నింపిన గ్యాస్ తగ్గుతుంది, తేమ మాత్రం పైపు గోడలను అంటుకునే ఉంటుంది. పైగా నేటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 గ్యాస్‌కు మంటలంటుకునే గుణం కొంత ఉంది. లోపల మిగిలిన తేమ కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లంగా మారి, మోటారు చుట్టలను మెల్లగా తినేస్తుంది. ఆ నష్టం మొదటి వేసవిలో కనబడదు, వారంటీ గడువు దాటాక బయటపడుతుంది.

పంపు పెట్టగానే మామూలు గేజ్ ముల్లు కొద్ది నిమిషాల్లోనే అట్టడుగుకు చేరుతుంది. అంతటితో ఆపేయడం పొరపాటు. ముల్లు చెప్పేది గాలి పోయిందనే. నీరు ఆవిరై పోవాలంటే ఒత్తిడి ఇంకా తగ్గాలి, ఆ తేడాను ఆ గేజ్ చూపలేదు. అతి తక్కువ ఒత్తిడిని మైక్రాన్ల లెక్కన చూపే మైక్రాన్ గేజ్ ఉంటే 500 మైక్రాన్ల దాకా దించాలి, లేకపోతే కనీసం 20 నుంచి 30 నిమిషాలు పంపు నడవనివ్వాలి. తరువాత గేజ్ వాల్వు మూసి పంపు ఆపి మరో పది నిమిషాలు ఆగాలి. ముల్లు పైకి లేస్తే ఎక్కడో లీకు ఉన్నట్టే, నట్‌లు సరిచేసి మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ముల్లు నిలబడితే అలెన్ కీతో ముందు సన్న పైపు వాల్వు, ఆ తరువాత లావు పైపు వాల్వు పూర్తిగా తెరవాలి. ఫ్లేర్ నట్‌ల మీద సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తాయేమో చూసి, వాల్వుల మీది ఇత్తడి మూతలు బిగించాలి. గ్యాస్ బయటికి రాకుండా ఆపే పని ఆ మూతలది కూడా. పైపు కంపెనీ లెక్కకు మించి పొడవుగా ఉంటే, మాన్యువల్ చెప్పినన్ని గ్రాముల గ్యాస్‌ను త్రాసు మీద తూచి ఎక్కించాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతుంటుంది కాబట్టి ఒత్తిడి ఒక్కటి చూసి గ్యాస్ సరిపోయిందనడం కుదరదు.

చివరగా ఏసీని పూర్తి వేగంతో ఇరవై నిమిషాలు నడిపి, క్లాంప్ మీటరుతో కరెంటు కొలిచి పెట్టె మీది అంకెతో పోల్చాలి. ఇండోర్ యూనిట్ లోపలికి పీల్చే గాలికీ బయటికి వదిలే గాలికీ 10 డిగ్రీలకు పైగా తేడా ఉండాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో పైపులకు పీవీసీ తొడుగు వేయించి, యూనిట్ చుట్టూ గాలి ఆడే వెడల్పు కన్నుల గ్రిల్ పెట్టించాలి. రెండు వారాల తరువాత ఒకసారి ఫ్లేర్ నట్‌లను శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు నూనె మరక అంటితే అక్కడ గ్యాస్ కారుతున్నట్టే, చల్లదనం తగ్గేదాకా ఆగకుండా వెంటనే మెకానిక్‌ను పిలవాలి.