ఎమీన్‌ను ఎలా గుర్తించాలి? అజో రంజన పరీక్ష తప్పకుండా రావాలంటే

లాసైన్ పరీక్షలో (పదార్థాన్ని సోడియంతో కరిగించి అందులోని మూలకాలను గుర్తించే పరీక్ష) ప్రష్యన్ నీలం అనే ముదురు నీలిరంగు వచ్చి పదార్థంలో నత్రజని ఉన్నట్టు తేలాక, అది సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరుగుతుందేమో చూడాలి. నీటిలో నూనెబొట్లుగా విడిగా నిలిచిన ద్రవం ఆమ్లం పోయగానే కలిసిపోయి, క్షారం కలిపితే మళ్లీ విడిపోతే, అది ఎమీన్, అంటే అమ్మోనియాలాంటి నత్రజని క్షారం, అయి ఉండవచ్చు. ఇంతవరకు ఎవరూ తప్పు చేయరు. తప్పంతా తరువాతి అజో రంజన పరీక్షలోనే, అంటే ఎరోమాటిక్ (బెంజీన్ వలయం ఉన్న) ప్రైమరీ ఎమీన్‌ను (నత్రజనికి ఒకే కార్బన్ సమూహం ఉన్నదాన్ని) ఎర్రరంగుతో పట్టించే పరీక్షలోనే జరుగుతుంది. తిరుపతిలో డిగ్రీ విద్యార్థులచేత ఏళ్ల తరబడి ఈ పరీక్ష చేయిస్తున్న నాకు, ప్రతి ఏడూ అదే గోధుమరంగు జిడ్డును చూడవలసి రావడం బాధగా ఉంటుంది.

మూడు పరీక్షనాళికలు, గాజుకడ్డీ, థర్మామీటరు, ఐసు ఉంటే చాలు. మొదటి నాళికలో నాలుగైదు చుక్కల పదార్థం, 3 మి.లీ. నీళ్లు, 1 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకోవాలి. రెండవదానిలో 10 శాతం సోడియం నైట్రైట్ ద్రావణం 2 మి.లీ., మూడవదానిలో 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 6 మి.లీ.లో కరిగించిన 0.3 గ్రాముల బీటా నాఫ్తాల్ ఉండాలి.

కష్టమంతా చల్లదనం దగ్గరే ఉంది. మూడు నాళికలూ 0 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ మధ్యకు రావాలి. మన ఊళ్లో మార్చి దాటితే ట్యాంకు నీళ్లే చేతికి వెచ్చగా తగులుతాయి కాబట్టి, ఆ నీళ్లతో అప్పుడే కలిపిన నైట్రైట్‌ను ఐసులో అర నిమిషం ఉంచి చల్లబడిందనుకోకూడదు. నాళిక బయట చెమట పట్టినంత మాత్రాన లోపలి ద్రావణం చల్లబడినట్టు కాదు, థర్మామీటరు ముంచి చూడాలి. ఫ్రిజ్‌లోని ఐసుముక్కలను అలాగే వేస్తే సరిపోదు. చెరకురసం బండ్ల వాళ్లు వాడే ఐసుదిమ్మెను గోనెసంచిలో వేసి సుత్తితో పొడి చేయించి, అందులో గుప్పెడు కల్లుప్పు కలపాలి.

నైట్రైట్‌ను మొదటి నాళికలోకి చుక్కచుక్కగా, కలుపుతూ వేయాలి, ఎందుకంటే ఈ చర్యలోనే వేడి పుడుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే, ఎమీన్ నుంచి ఇలా తయారైన డయజోనియం లవణం విడిపోయి ఫినాల్‌గా మారుతుంది, నత్రజని బుడగలుగా పోతుంది, ఆ ఫినాల్ మిగిలిన లవణంతో కలిసి జిడ్డు కడుతుంది. ఒక పరీక్ష రోజున చక్కగా చదివే విద్యార్థిని ఒకరు ఎనిలీన్ (ఒక ఎరోమాటిక్ ప్రైమరీ ఎమీన్) నాళికలో లేచిన ఈ బుడగలను చూసి, అలిఫాటిక్ (బెంజీన్ వలయం లేని) ఎమీన్ అని రాసేసింది. అలిఫాటిక్ ప్రైమరీ ఎమీన్ చల్లగా ఉన్నా బుడగలిస్తుంది, ఎరోమాటిక్‌ది వేడెక్కితేనే ఇస్తుంది. స్టార్చ్ అయొడైడ్ కాగితం మీద ఒక చుక్క పెట్టగానే నీలంగా మారితే నైట్రైట్ ఆపి, చిటికెడు యూరియాతో మిగులును తొలగించాలి.

ఈ ద్రావణాన్నే నాఫ్తాల్‌లోకి పోయాలి తప్ప నాఫ్తాల్‌ను ఇందులోకి పోయకూడదు. అలా పోస్తే ఆమ్లం క్షారాన్ని తినేసి నాఫ్తాల్ తెల్లగా విడిపోతుంది. సరిగ్గా చేస్తే నారింజ ఎరుపు అవక్షేపం క్షణంలో నాళిక నిండా అలముకుంటుంది. డయజోనియం లవణాన్ని మాత్రం ఎప్పుడూ ఎండనివ్వకండి, ఎండితే పేలుతుంది.

చాలామంది దీనికి బదులు కార్బైలమీన్ పరీక్షతో సరిపెడతారు. క్లోరోఫామ్, ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేస్తే వచ్చే ఆ విషపు దుర్వాసన గదిని సాయంత్రం దాకా వదలదు. పైగా అది అలిఫాటిక్, ఎరోమాటిక్ ప్రైమరీ ఎమీన్లు రెండింటికీ వస్తుంది కాబట్టి, అజో పరీక్ష చేయకుండా దాని జోలికి వెళ్లకూడదు.

నైట్రైట్ వేసినప్పుడు పసుపు నూనె తేలితే అది సెకండరీ ఎమీన్ (నత్రజనికి రెండు కార్బన్ సమూహాలు ఉన్నది). ఆ నూనె నైట్రోసమీన్, క్యాన్సర్ కారకం కాబట్టి చేతికి తగలనివ్వకూడదు.

ఎర్రరంగు రాగానే ఎనిలీన్ అని రాయవద్దు, ఆర్థో టోలుయిడిన్ కూడా ద్రవమే, అదీ ఎరుపే ఇస్తుంది. అసలు పదార్థాన్ని బెంజాయిల్ క్లోరైడ్, సోడియం హైడ్రాక్సైడ్‌తో కుదిపి వచ్చిన ఘనపదార్థాన్ని ఆల్కహాల్‌లో పునఃస్ఫటికీకరించి ద్రవీభవన స్థానం చూడాలి. అది 163 డిగ్రీల దగ్గర కరిగితే ఎనిలీన్, 145 దగ్గర కరిగితే ఆర్థో టోలుయిడిన్.