తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ బొంత

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మ పోయాక తొమ్మిదేళ్లు కుట్టుమిషను ముట్టుకోలేదు. ఈ చలికాలం మనవడికోసం ఆవిడ నేతచీరలతో బొంత మొదలుపెట్టాను. కొంగు మీద పసుపు మరక ఉన్న ముక్కను కావాలనే నడిమధ్యలో పెట్టాను. పైన కుట్టు చక్కగానే పడింది. తిప్పి చూస్తే అడుగున దారమంతా ఉండలు కట్టి ఉంది. ఏడుపొచ్చింది.

తప్పు అడుగుదారం చుట్టి ఉండే బాబిన్‌దే అనుకుని రెండు రోజులు దాన్నే విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాను. లోపం పైదారంలో ఉంది. గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం దించే ఉంచి దారం ఎక్కించాను. అలా ఉంటే దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. పాదం ఎత్తి మళ్లీ ఎక్కించాను, ఉండలు పోయాయి! నాలుగు పొరలకి 14 నంబరు సూది కుట్లు వదిలేస్తోందని ఇంకా లావైన 16 వేశాను.

పొరలు జరగకుండా మధ్య నుంచి అంచులకు చేత్తో పెద్ద టాకాలు వేసుకోండి. అంచుకి వేసే కొత్త నూలుగుడ్డని ముందే ఉతికి ఆరేయండి, లేదంటే తర్వాత అది ముడుచుకుపోయి పాత చీరని లాగేస్తుంది.

పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) ఈ బొంతని కంథా అంటుంది. నిన్న తన పాత చీరల మూట తెచ్చి మా అరుగు మీద పెట్టింది.